వచ్చే వారం వానే చెప్పలేరు, 20,000 ఏళ్ల కిందటి మంచు సంగతి ఎలా చెబుతారు?

ఉప్పాడరోడ్డు (ఆదివారం ఉదయం)

మా ఇంటి గ్రూపులో నిన్న రాత్రి నుంచి గొడవ. గ్రీన్‌లాండ్ మంచంతా కరిగితే సముద్రం 7 మీటర్లు పైకి వస్తుందని ఎక్కడో చదివి గ్రూపులో పెట్టాను. మా మేనమామ వెంటనే అందుకున్నాడు: "వచ్చే వారం మన ఊళ్లో వాన పడుతుందో లేదో చెప్పలేనివాళ్లు 20,000 ఏళ్ల కిందట ఎక్కడెంత మంచు ఉందో చెబుతారా? 2100లో ఎంత ఉంటుందో చెబుతారా? కంప్యూటర్లో ఏది పోస్తే అదే వస్తుంది." అందరూ ఆయన వైపే. నా దగ్గర జవాబు లేదు. నిజానికి ఆయన అడిగిన దాంట్లో న్యాయం ఉందనే అనిపించింది.

మంచు మందం 3 కిలోమీటర్లంటారు, టేపు పెట్టి కొలిచారా? మోడల్ అంటారు, అది లోపల ఏం చేస్తుంది? తెలిసినవాళ్లు చెప్పండి. లింకులు వద్దు, చదివినా బుర్రకెక్కట్లేదు.

పాతలెక్చరర్

టేపు సంగతి నేను చెబుతాను, మోడల్ సంగతి వేరేవాళ్లు అందుకోండి.

ఖండాలు కదులుతాయని చెప్పిన ఆల్ఫ్రెడ్ వెగెనర్ ఉన్నాడు కదా, 1930లో ఆయన బృందం గ్రీన్‌లాండ్ నడిమధ్యలో ఐస్‌మిట్టె అని ఒక మకాం పెట్టింది. ముగ్గురు మనుషులు చలికాలమంతా మంచులో తొలిచిన గుహలో గడిపారు. ఒకాయన కాలివేళ్లు చలికి చచ్చుబడితే మిగతావాళ్లు జేబుకత్తితోనే కోసి తీసేశారు. వాళ్లలో ఎర్న్‌స్ట్ సోర్గె అనే ఆయన అంత చలిలోనూ 15 మీటర్ల లోతు గొయ్యి తవ్వుతూ పొర పొరకీ మంచు ఎంత గట్టిపడిందో కొలిచాడు. వాళ్లకి సరుకులు చేర్చి తిరిగి వెళ్తూ వెగెనర్ దారిలోనే చనిపోయాడు.

మందం కొలిచింది ఆ యాత్రలోనే. పైన మందుగుండు పేల్చి, ఆ అదురు కింది బండకి తగిలి వెనక్కి రావడానికి ఎంతసేపు పట్టిందో చూశారు. బావిలో రాయి వేసి చప్పుడు వినడం లాంటిదే. తర్వాత రాడార్ వచ్చింది, అదీ చిత్రంగా. మంచు మీద ఎగిరే విమానాల్లో ఎత్తు చూపే రేడియో పరికరాలు తప్పు లెక్కలు చూపించేవి. కారణం వెతికితే తేలిందేమంటే, రేడియో తరంగాలు చల్లని మంచులోంచి దూరిపోయి కింద బండని తాకి వస్తున్నాయి. లోపం అనుకున్నదే పనిముట్టు అయింది. 1960ల తర్వాత విమానానికి రాడార్ కట్టి వేల కిలోమీటర్లు తిరిగి మంచు అడుగు కొలవడం మామూలైపోయింది.

బోరుబండి

మాది అనంతపురం వైపు, భూగర్భజలాల పని. మాకు 300 మీటర్ల బోరు వేస్తేనే మట్టి కూలుతుంది, కేసింగ్ దిగదు, బిట్ ఇరుక్కుంటుంది. వీళ్లు 3,000 మీటర్లు మంచులో ఎలా వేస్తారు? రంధ్రం మూసుకుపోదా?

హిమరేణువు

మూసుకుపోతుందండీ! సరైన ప్రశ్న. నేను నార్వేలో ఈ మంచు ఫలకాల (గ్రీన్‌లాండ్, అంటార్కిటికాల్ని కప్పినలాంటి మంచు) మోడలింగ్ మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను, అందుకే దూరుతున్నాను.

లోతుకి వెళ్లేకొద్దీ పైనున్న బరువుకి మంచు నెమ్మదిగా రంధ్రంలోకి సాగుతుంది. అందుకని రంధ్రం నిండా కిరోసిన్ జాతి ద్రవం పోసి ఒత్తిడి నిలబెడతారు. మీ కేసింగ్ చేసే పని అక్కడ ఆ ద్రవం చేస్తుంది. గొట్టం లాంటి డ్రిల్ దించి ఒక్కోసారి రెండు మూడు మీటర్ల కడ్డీ చొప్పున పైకి లాగుతారు. ఈ కడ్డీలనే ఐస్ కోర్ అంటాం. అంటార్కిటికాలో డోమ్ సి దగ్గర ఇలా 3,270 మీటర్లు దిగితే 8 లక్షల ఏళ్ల మంచు దొరికింది. దాని పక్కనే 2025 జనవరిలో మరో బృందం 2,800 మీటర్లు దిగి 12 లక్షల ఏళ్లు పైబడిన మంచు తీసింది.

అందులో ఉండేది రెండు రకాల సాక్ష్యం. గాలి బుడగలు ఒకటి. అవి ఆనాటి గాలే, సీసాలో పెట్టి మూత పెట్టినట్టు. రెండోది నీరే. ఆక్సిజన్‌లో మామూలుదీ, కాస్త బరువైనదీ ఉంటాయి. మేఘం చల్లబడేకొద్దీ బరువైనది ముందు వానగా దిగిపోతుంది, మిగిలిన ఆవిరి తేలికవుతుంది. చలి ఎంత ఎక్కువైతే అక్కడ పడే మంచు అంత తేలిక. దీన్ని పట్టుకున్నది డెన్మార్క్ శాస్త్రవేత్త విల్లి డాన్స్‌గార్డ్. 1952 జూన్‌లో కోపెన్‌హాగెన్‌లో వాన పడుతుంటే పెరట్లో బీరు సీసాకి గరాటు పెట్టి వాననీళ్లు పట్టాడు, అలా మొదలైంది.

బోరుబండి

బీరు సీసా! మా రిగ్గు కుర్రాళ్ల దగ్గర బోలెడున్నాయి, ఒక్కడూ శాస్త్రవేత్త కాలేదు.

అనుమానపక్షి

కథలు బాగున్నాయి. కానీ అంటార్కిటికా విస్తీర్ణం ఇంచుమించు 1.4 కోట్ల చదరపు కిలోమీటర్లు. మన దేశానికి నాలుగింతలకు పైనే. అందులో లోతైన బోర్లు ఎన్ని, పదో ఇరవయ్యో? జిల్లాకి ఒక బోరు కూడా వేయకుండా దేశం మొత్తం నీటిమట్టం చెప్పినట్టుంది. ఉప్పాడరోడ్డు గారి మామయ్యకే నా ఓటు.

హిమరేణువు

మీ ఓటు మీ ఇష్టం. కానీ బోరు ఒక్కటే సాక్ష్యం కాదు. పైగా ఒక్కోసారి ఒక్క బోరే కొంప ముంచుతుంది.

1959లో అమెరికా సైన్యం వాయవ్య గ్రీన్‌లాండ్‌లో మంచు కింద సొరంగాలు తవ్వి క్యాంప్ సెంచరీ కట్టింది. పైకి పరిశోధన, లోపల క్షిపణులు దాచే పథకం. మంచు కదిలి సొరంగాలు వంకరపోయి కొన్నేళ్లకే వదిలేశారు. (మంచు పారుతుందని సైన్యానికీ తెలిసొచ్చింది.) కానీ అంతకుముందే 1966లో అక్కడ 1,387 మీటర్లు దిగి అడుగు నేలను తాకారు, కింద మట్టి కూడా మూడున్నర మీటర్ల దాకా తీశారు. మంచుని డాన్స్‌గార్డ్ చదివాడు. మట్టిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, ఏదో ఫ్రీజర్లో ఉండిపోయింది. 2017 తర్వాత ఆ మట్టి పెట్టెలు కోపెన్‌హాగెన్‌లో బయటపడ్డాయి. కడిగి చూస్తే కొమ్మల తునకలు, ఆకులు, నాచు! అంటే ఒకప్పుడు అక్కడ మంచు లేదు. ఆ మట్టి చివరిసారి ఎండ చూసింది ఎప్పుడని కొలిస్తే 4 లక్షల ఏళ్ల కిందట అని 2023లో తేలింది. అప్పటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఇప్పటికంటే చాలా తక్కువ. ఆ మాత్రం వెచ్చదనానికే, అది చాలాకాలం సాగేసరికి, అక్కడ మంచు పోయింది.

ఇప్పుడు ఏ మోడల్ అయినా ఆ చోట ఆ కాలంలో మంచు చూపించిందంటే అది తప్పు. ఒక్క మట్టి ముద్ద మోడళ్ల బతుకు తేల్చేస్తుంది.

ఉప్పాడరోడ్డు

ఇది మామయ్యకి వెంటనే పంపాను. బ్లూ టిక్ పడింది, జవాబు లేదు. మరి మోడల్ లోపల ఏముంటుందో చెప్పండి.

హిమరేణువు

వంటింట్లోకి రండి. పెనం మీద దోసెల పిండి పోశారు. తన బరువుకి తానే నడిమి నుంచి అంచులకి పాకుతుంది. మంచు ఫలకం అంతే. నడిమిన ఏటేటా మంచు పడుతుంది, బరువుకి పక్కలకి సాగుతుంది, అంచుల్లో కరుగుతుంది లేదా విరిగి సముద్రంలో పడుతుంది. పడింది ఎంత, సాగింది ఎంత, పోయింది ఎంత: జమాఖర్చు. మోడల్ అంటే మ్యాపుని గళ్లుగా కోసి గడి గడికీ ఈ జమాఖర్చు రాయడమే.

పిండి ఎంత జారుడు అనేది ఒక లెక్క. 1950లలో కేంబ్రిడ్జ్‌లో జాన్ గ్లెన్ మంచు దిమ్మల మీద బరువు పెట్టి ఎంత సాగుతాయో కొలిచాడు. ఒత్తిడి రెట్టింపయితే సాగే వేగం రెట్టింపు కాదు, దాదాపు ఎనిమిదింతలు. వెచ్చబడినా బెల్లం పాకంలా పలచనవుతుంది. ఇది ల్యాబ్‌లో తేలిన భౌతికశాస్త్రం, ఇందులో మా చేతివాటం తక్కువ.

చిక్కంతా పెనంతో. నూనె రాసిన పెనం మీద పిండి నిలవదు, జారిపోతుంది. పొడి పెనానికి కరుచుకుంటుంది. మంచు కింద నేల కూడా అంతే. కొన్నిచోట్ల బండకి గడ్డకట్టి ఉంటుంది, కొన్నిచోట్ల కింద నీళ్లూ బురదా ఉండి ఏడాదికి వందల మీటర్లు జారుతుంది. ఆ నేలని ఎవరూ చూడలేరు. అందుకని ఒక పని చేస్తాం: పైన మంచు ఎంత వేగంగా కదులుతోందో ఉపగ్రహాలు చెబుతాయి కదా, ఆ వేగం రావాలంటే కింద ఘర్షణ ఎంత ఉండాలో వెనక్కి లెక్క కడతాం.

అనుమానపక్షి

దొరికారు. జవాబు ముందు చూసుకుని లెక్క చేయడం అంటే ఇదే. మామయ్య అన్నదీ ఇదే.

హిమరేణువు

అవును, దొరికాను. ఈ విషయంలో మీరు చెప్పింది నిజం. ఇవాళ్టి వేగానికి సరిపోయేలా బిగించిన మోడల్ ఇవాళ్టి వేగం చూపించిందంటే అది గొప్పేమీ కాదు.

పైగా ఆ ఘర్షణ ఎప్పటికీ అలాగే ఉండదు. పశ్చిమ అంటార్కిటికాలో కాంబ్ అనే మంచు ప్రవాహం ఉంది. ఒకప్పుడు బాగా పారేది, దాదాపు 150 ఏళ్ల కిందట ఆగిపోయింది. పక్కనున్నవి ఇంకా పారుతున్నాయి. పెనం మీద నూనె తనంతట తానే మాయమైనట్టు. ఇవాళ్టి ఘర్షణని అలాగే 2100కి మోసుకెళితే ఇలాంటివి మాకు అందవు.

అందుకే పాత మంచు కావాలి. మాది పాతకాలపు సరదా అనుకుంటారు చాలామంది, మా డిపార్ట్‌మెంట్‌లో కూడా. మోడల్ ఎన్నడూ చూడని ప్రశ్నపత్రం ఒక్క గతంలోనే దొరుకుతుంది. 20,000 ఏళ్ల కిందటి వాతావరణం ఇచ్చి వదిలితే మంచు ఎక్కడిదాకా పాకాలో మాకు తెలుసు. మంచు తోసుకొచ్చి వదిలేసిన రాళ్ల గట్లు, వాటిని మొరైన్లు అంటాం, ఇంకా అక్కడే ఉన్నాయి. మంచు మోసుకొచ్చిన పెద్ద బండరాళ్లున్నాయి. మంచు తప్పుకున్న రోజు నుంచి వాటి మీద అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు పడి బెరీలియం-10 అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అదెంత ఉందో కొలిస్తే ఆ బండ ఎన్నేళ్ల కిందట బయటపడిందో తెలుస్తుంది. బార్బడోస్, తాహితి పగడపు దిబ్బలు సముద్రమట్టం చెబుతాయి. మంచుయుగం ముదిరినప్పుడు అది ఇప్పటికంటే 120 మీటర్లకు పైగా కిందుంది. తర్వాత 14,500 ఏళ్ల కిందట ఒక దశలో కొన్ని వందల ఏళ్లలోనే డజను మీటర్లకు పైగా లేచింది. మోడల్ వీటన్నిటికీ ఒకేసారి జవాబు చెప్పాలి.

ఇక వానతో పోలిక. గాలికి జ్ఞాపకం లేదండీ. రెండు వారాలు దాటితే ఇవాళ్టి గాలి సంగతి అది మర్చిపోతుంది. అందుకే వాన చెప్పడం కష్టం. మంచు అలా కాదు. గ్రీన్‌లాండ్ శిఖరం దగ్గర గ్రిప్ అనే 3,029 మీటర్ల రంధ్రం ఉంది. అందులోకి థర్మామీటర్ దించితే మధ్యలో ఒకచోట మంచుయుగపు చలి ఇంకా అలాగే ఉంది. కింద భూమి వేడి, పైన ఇవాళ్టి వెచ్చదనం, నడుమ పాత చలి. దాని నుంచే అప్పుడు అక్కడ ఇప్పటికంటే 23 డిగ్రీలు చల్లగా ఉండేదని 1998లో లెక్క తేల్చారు. చల్లని మంచు గట్టిగా ఉంటుంది, నెమ్మదిగా పారుతుంది. కాబట్టి ఇవాళ్టి గ్రీన్‌లాండ్‌ని మోడల్‌లో నిలబెట్టాలంటే ముందు లక్ష ఏళ్ల వెనక నుంచి నడిపించుకు రావాలి. గతం తెలియకుండా వర్తమానమే మొదలవదు.

పెసరట్టు_ఉప్మా

ఈ థ్రెడ్ చదివి దోసె మాడ్చుకున్నాను. అంతకుమించి చెప్పడానికేం లేదు.

పాతలెక్చరర్

గతం తెలియకపోతే వర్తమానం తూకం కూడా తేలదు. దానికో ఉదాహరణ.

స్వీడన్‌లో ఆండెర్స్ సెల్సియస్ (మన ఉష్ణోగ్రతకి పేరిచ్చినాయన) 1731లో ఒక సముద్రపు బండ మీద నీటిమట్టం దగ్గర గాటు పెట్టించాడు. అక్కడ నీరు ఏటేటా తగ్గుతోందని ఆయన అనుమానం. ఇప్పుడా గాటు నీటికి రెండు మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. ఆయన సముద్రం ఎండిపోతోందనుకున్నాడు. నిజానికి లేస్తున్నది నేల. కిలోమీటర్ల మందం మంచు బరువుకి కుంగిన భూమి, ఆ మంచు పోయి దాదాపు 10,000 ఏళ్లయినా ఇంకా పైకి వస్తూనే ఉంది. పరుపు మీంచి లేస్తే గుంట వెంటనే పూడదు చూడండి, అలా. స్వీడన్ పక్కనున్న బోత్నియా సింధుశాఖ పైభాగంలో, కెనడా హడ్సన్ బే చుట్టూ ఏడాదికి ఇంచుమించు ఒక సెంటీమీటరు.

ఇప్పుడు తూకం. 2002లో గ్రేస్ అని రెండు ఉపగ్రహాలు పంపారు, ముద్దుపేర్లు టామ్, జెర్రీ. ఒకదాని వెనక ఒకటి 220 కిలోమీటర్ల ఎడంతో తిరిగేవి. కింద బరువు ఎక్కువున్నచోట ముందుది కాస్త లాగబడుతుంది, ఎడం మారుతుంది. వెంట్రుకలో చిన్న వంతు మార్పునైనా అవి పట్టేవి. ఇప్పుడు వాటి వారసులు తిరుగుతున్నాయి. గ్రీన్‌లాండ్ ఏడాదికి సగటున 27,000 కోట్ల టన్నులు, అంటార్కిటికా 15,000 కోట్ల టన్నులు పోగొట్టుకుంటున్నాయని లెక్క వచ్చింది ఈ తూకంతోనే. ఇంచుమించు 36,000 కోట్ల టన్నులైతే సముద్రం ఒక మిల్లీమీటరు.

అయితే ఆ తక్కెడలో మంచు ఒక్కటే పడదు. కింద లేస్తున్న నేల బరువు కూడా పడుతుంది. అది తీసేయాలంటే పూర్వం అక్కడెంత మంచు ఉండేదో తెలియాలి. అంటార్కిటికాలో ఈ సవరణే పెద్ద తలనొప్పి. మామయ్య గారితో అనండి: 20,000 ఏళ్ల కిందటి సంగతి అక్కర్లేదంటే పోయినేడు ఎంత కరిగిందో కూడా ఖచ్చితంగా చెప్పలేం.

సూళ్లూరుపేట

మావైపు సంగతి ఒకటి. 2025 జూలై 30 సాయంత్రం శ్రీహరికోట నుంచి నైసార్ (నాసా, ఇస్రో కలిసి చేసిన రాడార్ ఉపగ్రహం) వెళ్లింది కదా, మా మేడ మీంచి అందరం చూశాం. మావాడు "ఇది మన పొలాలు చూస్తుందా నాన్నా" అన్నాడు. పొలాలూ చూస్తుంది, కానీ అది ఎడమవైపే చూస్తుంది. ఆ ఏర్పాటు అంటార్కిటికా కోసం. కుడివైపు తిరిగితే ఉత్తర ధ్రువం బాగా కనబడుతుంది, ఎడమవైపయితే దక్షిణ ధ్రువం. రెండూ కుదరవు కాబట్టి దక్షిణానికి ఓటేశారు. 12 మీటర్ల జల్లెడ లాంటి యాంటెనా, ప్రతి 12 రోజులకీ అదే చోటు మళ్లీ అదే కోణం నుంచి. రెండు చిత్రాలు పోల్చితే మంచు ఎంత జరిగిందో సెంటీమీటర్లలో చెబుతుంది. హిమరేణువు గారు చెప్పిన, పైన మంచు కదిలే వేగం ఇదే అనుకుంటా.

ఇంకోటి. అంటార్కిటికాలో మన భారతి పరిశోధన స్టేషన్ దగ్గర ఉపగ్రహాల డేటా దింపుకునే గ్రౌండ్ స్టేషన్ ఉంది. దింపిన డేటా మన షాద్‌నగర్‌కి వస్తుంది.

హిమరేణువు

అదేనండీ. మాకు ఆ 12 రోజుల లెక్క పండగ లాంటిది.

ఉప్పాడరోడ్డు

ఇంత తెలిసినప్పుడు 2100కి ఒకరు అర మీటరు, ఒకరు రెండు మీటర్లు ఎందుకంటారు? మామయ్య లేచాడు, ఇదే అడుగుతున్నాడు.

హిమరేణువు

అరమీటరు, రెండు మీటర్ల మధ్య తేడాలో కొంత మంచుది కాదు, మనుషులది. ఎంత బొగ్గు కాలుస్తామన్నది మోడల్ చెప్పదు. మిగతాది ఎక్కువగా పశ్చిమ అంటార్కిటికా.

అక్కడ మంచు కూర్చున్న నేల సముద్రమట్టానికి చాలా కింద ఉంది, పైగా లోపలికి వెళ్లేకొద్దీ ఇంకా లోతు. మంచు నేలని వదిలి తేలడం మొదలయ్యే గీత ఒకటుంటుంది. అది వెనక్కి జరిగితే లోతైన చోటికి వెళుతుంది. అక్కడ మంచు మందం ఎక్కువ, మందం పెరిగితే బయటికి పారేది పెరుగుతుంది, దాంతో గీత ఇంకా వెనక్కి. ఈ భయం కొత్తది కాదు, 1970లలోనే చెప్పారు. థ్వెయిట్స్ అనే హిమానీనదం దగ్గర ఇది కళ్ల ముందు జరుగుతోంది. అది ఒక్కటే 120 కిలోమీటర్ల వెడల్పు. 2020లో అక్కడ తేలే మంచుకి వేడినీళ్లతో దాదాపు 600 మీటర్ల రంధ్రం చేసి, ఐస్‌ఫిన్ అనే సన్నటి రోబోని కిందికి పంపారు. చదునైన చోట్ల అనుకున్నదానికంటే తక్కువే కరుగుతోంది, కానీ పగుళ్లలో, మెట్లలాంటి అంచుల్లో వేగంగా తినేస్తోంది. మోడళ్లలో ఈ మెట్లు లేవు. మా గడి సైజు కిలోమీటరు ఉంటే మెట్టు ఎక్కడ పడుతుంది?

రెండు మీటర్ల మాట ఎక్కడిదంటే, 2016లో ఇద్దరు శాస్త్రవేత్తలు ఇంకో భయం చేర్చారు: తేలే మంచు పోతే వెనక మిగిలే నిట్టనిలువు గోడలు తమ బరువుకి తామే వరసగా కూలతాయని. అది చేరిస్తేనే పాత వెచ్చని కాలాల సముద్రమట్టం సరిపోతోందన్నారు. 2019లో వేరేవాళ్లు అదే లెక్క మళ్లీ చేసి, అది లేకపోయినా సరిపోతుందన్నారు. 2024లో మరికొందరు థ్వెయిట్స్ విషయంలో ఈ శతాబ్దంలో ఆ కూలుడు రాకపోవచ్చన్నారు. గొడవ తేలలేదు. నన్నడిగితే ఆ గోడల భయం కంటే ఈ మెట్ల సంగతే ముందు తేల్చాలి, కానీ పక్క గదిలో కూర్చున్నవాళ్లు ఒప్పుకోరు.

ఒక మాట. మీ ఉప్పాడ దగ్గర సముద్రం రోడ్డుని కోసేయడం అంతా ఈ మంచు మీద వేయకండి. అక్కడ ఇసుక రాక, అలలు తిరిగే తీరు లాంటి సొంత కారణాలున్నాయి. ఏడు మీటర్లంటే అన్ని తీరాల్లోనూ ఏడు కాదు కూడా. గ్రీన్‌లాండ్ అంత మంచు తన చుట్టూ ఉన్న సముద్రాన్ని తనవైపు లాక్కుని ఉంటుంది. కరిగితే ఆ పట్టు వదులుతుంది, దగ్గర తీరాల్లో నీరు నిజంగానే దిగుతుంది. ఆ దిగిందంతా దూరపు తీరాలకి పోతుంది. మనం దూరపువాళ్లమే.

అనుమానపక్షి

ఇదొక్కటీ కొత్తగా ఉంది. అక్కడ కరిగితే అక్కడే దిగడం! సరే, నా ఓటు సగం వెనక్కి తీసుకుంటున్నా. సగం ఉంచుతా.

ఉప్పాడరోడ్డు (మంగళవారం రాత్రి)

అప్‌డేట్. మామయ్య ఇదంతా చదివాడు. బోరు విషయం, సెల్సియస్ గాటు విషయం బాగా నచ్చాయట. గ్రూపులో మాత్రం ఒప్పుకోలేదు. ఫోన్ చేసి ఒకే ఒక్కటి అడగమన్నాడు: "ఆ అమ్మాయి లెక్క తను చెప్పిన రాళ్ల గట్టు దగ్గర సరిపోయిందా?"

హిమరేణువు

మామయ్య గారికి నమస్కారం చెప్పండి. సరిపోలేదు. 20,000 ఏళ్ల కిందటి వాతావరణం ఇచ్చి వదిలిన మా మోడల్ రాత్రి రన్ అయింది. మంచు నార్వే తీరం దాటి సముద్రంలోకి వెళ్లింది గానీ, సముద్రం అడుగున ఉన్న మొరైన్ గట్టు దాకా చేరలేదు, ముందే ఆగిపోయింది. అడుగున బురద ఉన్నచోట ఘర్షణ కాస్త తగ్గించి మళ్లీ వేశాను. గురువారానికి వస్తుంది.

అనుమానపక్షి

"కాస్త తగ్గించి." చూస్తున్నాం.